దానియేలు సమాధిలోని మనిషి

పెళ్ళాం బిడ్డలకు మనోవర్తి ఎగ్గొట్టి పారిపోయిన మగాడు ఏడాదంతా ఎక్కడైనా నక్కి ఉండొచ్చు, మిరప సీజన్‌లో మాత్రం బయటికొస్తాడు. పదకొండేళ్ళు తిరిగి నేను నేర్చుకున్న చదువు ఇది. జనవరిలో కాయ ఎర్రబడిందంటే మా గుంటూరు, ప్రకాశం చేలల్లో పని లేని చెయ్యి ఉండదు. కోతకు ముఠాలు కావాలి, యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఎత్తడానికి హమాలీలు కావాలి, ఏసీల్లో తొడిమలు తీయడానికి ఆడవాళ్ళు కావాలి. కోల్డ్ స్టోరేజీలను మేం ఏసీలనే అంటాం. కూలి పెరుగుతుంది. పెరిగిన కూలి వాసనకు దాక్కున్నవాడు కూడా లేచొస్తాడు. నేను మిర్చి యార్డు గేటు దగ్గర టీ బండి పక్కన ఫోటో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

ఎందుకంటే కోర్టు వారెంటు ఇస్తుంది గాని మనిషిని ఇవ్వదు. వారెంటు స్టేషనుకు పోతుంది, స్టేషను వాళ్ళు ఇంటికి పోయి తాళం చూసి 'ఆచూకీ తెలియలేదు' అని రాసి తిప్పి పంపుతారు. మనిషిని చూపించమ్మా, క్షణంలో పట్టుకుంటాం అంటారు. ఎవరు చూపించాలి? చంకలో పిల్లతో కూలికి పోయే ఆడది చూపించాలి. చట్టంలో సెక్షన్ నంబరు ఈమధ్య మార్చారు. మగాళ్ళు మారలేదు, స్టేషను మారలేదు. అందుకే మా కూలీల సంఘంలో ఆ పని నేను నెత్తికెత్తుకున్నాను. మస్తాన్‌బీ పేరు వింటే ముఠా మేస్త్రులు మొహం తిప్పుకునే దాకా తిరిగాను.

పంతొమ్మిది మందిని పట్టించాను. దొరకనివాడు ఒక్కడు, జాస్మిన్ మొగుడు దానియేలు. నాలుగు వారెంట్లు తిరిగొచ్చాయి. అయిదోది రాకముందే చచ్చిపోయాడు. రెండేళ్ళ కిందట డిసెంబరులో పిడుగురాళ్ళ అవతల ఒక సున్నపు బట్టీలో పొగకు ఊపిరాడక పోయాడని, సున్నంలోకి దొర్లి మొహం కాలిపోయిందని పెట్టెలో పెట్టి తెచ్చారు. పెట్టె తెరవనివ్వలేదు. తల్లి రాహేలమ్మ అక్కడికి పోయి చూసి, నా కొడుకే అంది. మా ఊరి సమాధుల తోటలో తండ్రి పక్కన పూడ్చారు. చనిపోయినట్టు విచారణలో తేలిందని పోలీసులు రాశారు, కోర్టు కేసు మూసేసింది. హెడ్ కానిస్టేబులు రామాంజనేయులు నాతో, "పైలోకానికి పోయి వారెంటు అమలు చేసే అధికారం మా ఎస్సైకి లేదక్కా" అన్నాడు. నేను నవ్వలేదు. వాడు చచ్చినందుకు నాకు కోపం వచ్చింది. ఆ మాట దాచుకోను. పిల్లకు పెట్టాల్సిన తిండి పెట్టకుండా చావడం కూడా ఒక ఎగవేతే అనిపించింది.

ఇంక ఈ సీజన్ సంగతి.

జనవరి మొదటి వారంలో జాస్మిన్ ఇంటికి పోయాను. గుమ్మంలో ఆమె కూతురు జెస్సీ కూర్చుని పాత చీర చింపి వేళ్ళకు చుట్టుకుంటోంది. పదమూడేళ్ళ పిల్ల, తొమ్మిదో తరగతి. కాయ కోసేవాళ్ళు వేళ్ళు మండకుండా అట్లా గుడ్డ చుట్టుకుంటారు. ఎందుకే అంటే పొద్దున్నే ట్రాలీ ఆటో వస్తుంది పెద్దమ్మా, పేరు రాయించాను అంది. లోపల జాస్మిన్ దగ్గుతోంది. ఏసీల్లో ఆరేళ్ళు తొడిమలు తీసింది. ఆ ఘాటు ఆమె ఊపిరితిత్తుల్లో కూర్చుంది. డాక్టరు ఇంక కాయ ముట్టుకోవద్దన్నాడట. ముట్టుకోకపోతే ఇల్లెట్లా గడవాలో ఆయన చీటీలో రాయలేదు.

"పిల్లను కోతకు పంపితే మళ్ళీ బడి మొహం చూడదు. ఈ పల్లెలో ఎంతమందిని చూశాం?" అన్నాను.

"నాకు తెలవదా అక్కా? నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావో."

నేను చెప్పాను. మొగుడు చచ్చినదానికి వితంతు పింఛను వస్తుంది. దానికి మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. కంగారులో దానియేలు చావు ఎవరూ ఎక్కడా నమోదు చేయించలేదు. బట్టీ వాళ్ళిచ్చిన కాగితం రాహేలమ్మ దగ్గర ఉంది. శవాన్ని గుర్తుపట్టింది ఆమే కాబట్టి ఆమె వేలిముద్ర వేస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. పదిహేను రోజుల పని అన్నాను. పదిహేను రోజులు కోత ఆపు, పిల్లను బడికి పంపు అన్నాను. జాస్మిన్ నా మొహంలోకి చూసింది. నా మాట మీద చాలామంది ఆడవాళ్ళు ఇట్లాగే చూస్తారు. నేను అలవాటు పడ్డాను.

రాహేలమ్మ పల్లె చివర రేకుల గదిలో ఒక్కతే ఉంటుంది. మొదటిసారి పోతే కాగితం పెట్టెలో ఉంది, తాళంచెవి కనపడలేదంది. రెండోసారి పాస్టరుగారికి ఇచ్చానంది. పాస్టరుగారు నాకివ్వలేదన్నారు. మూడోసారి కాగితం దొరికింది గాని చెయ్యి నొప్పిగా ఉందంది. వేలిముద్రకు చెయ్యెత్తాల్సిన పని లేదు పిన్నీ, వేలు పెడితే చాలని సిరా డబ్బా ముందు పెట్టాను. ఆమె వేలు డబ్బా దాకా వచ్చింది. ఆగింది. కొంగులోకి పోయింది.

"ఇవాళ శుక్రవారం. నేను ఉపవాసంలో ఉన్నా" అంది.

ఆ రోజు గురువారం.

నాకు అర్థమైంది అనుకున్నాను. కోడలు కొడుకుని కోర్టుకు ఈడ్చిందన్న కసి చావలేదు, పింఛను రానివ్వకుండా పగ తీర్చుకుంటోంది అనుకున్నాను. చర్చి సందులో నిలబెట్టి పదిమంది వినేలా అరిచాను. కొడుకు సంగతి సరే, బతికున్న మనవరాలి కడుపు కొడుతున్నావు, పెద్దదానివి, దేవుడి పేరు పెట్టుకుని తిరుగుతావు, సిగ్గు లేదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె తల దించుకుని విన్నది. చివరకు ఒక్క మాట అంది. "నోటితో ఎన్నిసార్లయినా చెప్తానమ్మా పోయాడని. వేలు మాత్రం పెట్టలేను."

ఆ మాట నా చెవిలోనే పడింది, బుర్రలో పడలేదు. నేను అప్పటికే తర్వాత ఏం తిట్టాలో వెతుక్కుంటున్నాను.

పదిహేను రోజులు నెల అయింది. జెస్సీ ట్రాలీ ఎక్కింది. ఫిబ్రవరంతా, మార్చంతా కోతలు. సాయంత్రం కల్లాల పక్కగా నేను వస్తుంటే ఆటోలో వెనక కూర్చుని పోయేది. ఎర్రటి కాయలు రోడ్డుకు రెండు పక్కలా ఆరబోసి ఉండేవి, పిల్ల వాటి మధ్యలోంచి నా వంక చూసేది. చెయ్యెత్తేది కాదు. చెయ్యెత్తినా ఊపలేని మంట అని తర్వాత తెలిసింది. కళ్ళకు తగలకుండా చేతులు మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని కూర్చునేది. పరీక్షలకు మాత్రం పోయింది. కలం పట్టుకుంటే వేళ్ళు మండి మూడు పేపర్లు సగమే రాసిందట.

ఈస్టరుకు మా పల్లెలో సమాధుల పండగ చేస్తారు. శనివారం సమాధులన్నిటికీ సున్నం కొడతారు. ఆదివారం తెల్లవారుతుండగా బంతిపూలు, కొవ్వొత్తులు తీసుకుని కుటుంబాలన్నీ తోటకు పోతాయి. ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు వెలిగించుకుని కూర్చుంటారు. చచ్చినవాళ్ళను పలకరించినట్టే ఉంటుంది. మా నూర్‌బాషాల్లో కూడా షబేబరాత్‌కు అట్లాగే పోతాం, అగరొత్తులు గుచ్చుతాం. అందుకని నాకు ఆ పండగ కొత్త కాదు, కానీ తోటలోకి ఎప్పుడూ పోలేదు. ఈసారి పోయాను. భక్తితో కాదు. పాస్టరుగారు, పెద్దలు అందరూ ఒకచోట ఉంటారు, వాళ్ళ ముందు రాహేలమ్మ చేత వేలు పెట్టిద్దామని సిరా డబ్బా సంచిలో వేసుకుని పోయాను. నేను ఎట్లాంటిదాన్నో దీన్నిబట్టే అర్థం చేసుకోండి.

తూర్పు తెల్లబడింది. సున్నం కొట్టిన సమాధులు ఇంకా ఆరని తెలుపుతో కనపడుతున్నాయి. పాటలు పాడుతున్నారు. జెస్సీ తండ్రి సమాధి దగ్గర మోకాళ్ళ మీద ఉంది. ముందు రెండేళ్ళు సున్నం మాత్రం కొట్టిపోయింది, నాయనమ్మే కొవ్వొత్తులు నేను పెడతాలే అనేది. ఈ ఏడు కోత కూలిలోంచి తనే ఒక ప్యాకెట్టు కొనుక్కుంది. ఒకటి వెలిగించి, మైనం బొట్టు కార్చి, సమాధి తల దగ్గర నిలబెట్టింది. తర్వాత పూలు తెద్దామని అటు తిరిగింది.

రాహేలమ్మ మొగుడి సమాధి దగ్గర నుంచి వంగి, రెండు వేళ్ళతో ఆ ఒత్తిని నలిపేసింది.

నేను చూశాను. జెస్సీ తిరిగొచ్చి చూసుకుంది. మళ్ళీ వెలిగించింది. రాహేలమ్మ మళ్ళీ ఆర్పింది. ఈసారి పిల్ల చూస్తుండగానే ఆర్పింది.

"ఎందుకార్పావు నాయనమ్మా?"

"నేనెందుకు ఆర్పుతాను? గాలికి ఆరింది."

చుట్టూ వంద కొవ్వొత్తులు నిటారుగా వెలుగుతున్నాయి. ఒక్క మంట కదలటం లేదు. జెస్సీ మూడోసారి అగ్గిపుల్ల గీసింది. ముసలామె ఈసారి మంట మీద అరచెయ్యి మూత పెట్టింది. పెట్టి తీయలేదు. మైనం వేళ్ళ మధ్యలోంచి కారింది. పిల్ల ఆ చెయ్యిని చూసింది, నాయనమ్మ కళ్ళలోకి చూసింది. తర్వాత మిగిలిన కొవ్వొత్తులు ప్యాకెట్టులో పెట్టుకుని, మోకాళ్ళకు అంటిన సున్నం దులుపుకుని, తోటలోంచి బయటకు నడిచిపోయింది.

నా సంచిలో సిరా డబ్బా ఉంది. నేను దాన్ని బయటకు తీయలేదు.

ఆ మధ్యాహ్నం రాహేలమ్మ గదికి పోయాను. రేకుల కింద నిప్పులు పోసినట్టుంది. చేతికి పసుపు అద్దుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఏం అడగకముందే మొదలుపెట్టింది.

"పోలీసుకు చెప్పా. కోర్టోళ్ళకు చెప్పా. పాస్టరుగారికి చెప్పా. నరుడికి అబద్ధం చెప్పొచ్చు మస్తాన్‌బీ. బతికున్నోడి చావుకు వేలు పెట్టినా, దీపం పెట్టినా అది పైవాడికి చెప్పినట్టు. ఆయన నిజమనుకుని తీసుకెళ్ళిపోడూ?"

నేను నమాజే సరిగా చెయ్యను. అయినా ఆ మాటను కొట్టిపారెయ్యలేకపోయాను. ఎక్కడున్నాడు అని అడిగాను. తెలవదంది. ఎప్పుడొస్తాడు అన్నాను. రాడంది. నన్ను కోసినా చెప్పను, తల్లిని అంది. నిజమే, చెప్పదు. నేను లేవబోతూ దూలానికి వేలాడుతున్న గోతాం చూశాను. ఎండుచేపలు. మా సంతలో ఎండుచేపలు కొంటే కాగితంలో చుట్టిస్తారు. ఈ గోతాం మూతి నీలం నైలాను దారంతో కుట్టి ఉంది, వల అల్లినట్టు ముడి మీద ముడి. చేపలు పట్టే ఊరి చెయ్యి అది. మాకు దగ్గర్లో ఆ ఊరేదో చెప్పడానికి ఎవరి వేలిముద్రా అక్కర్లేదు.

"కొత్తపట్నమా పిన్నీ?"

ఆమె కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

చచ్చాడని మూసేసిన కేసు మళ్ళీ తెరవాలంటే బతికున్న మనిషిని చూపించాలి. స్టేషనులో చెబితే రామాంజనేయులు ముందు మీరు చూసి రండక్కా, నిజమైతే ఒక్క ఫోను చెయ్యండి, ఆ స్టేషనుకు నేను చెప్పి ఉంచుతాను అన్నాడు. జాస్మిన్ బస్సు ఎక్కలేదు, ఆయాసం. నేను ఒక్కదాన్నే పోదామనుకుంటే జెస్సీ బస్టాండులో కనపడింది. తలకు నూనె పెట్టుకుని, బడి యూనిఫారం వేసుకుని నిలబడి ఉంది. ఎక్కడికే అంటే నాకంటే ముందు బస్సెక్కింది. పక్కన సీటులో కూర్చుంది. ఒంగోలులో ఆటో మారేటప్పుడు అడిగింది.

"పెద్దమ్మా, మా నాన్న అక్కడుంటే, సమాధిలో పడుకున్నది ఎవరు?"

పదకొండేళ్ళుగా మనుషులను వెతుకుతున్నదాన్ని, ఆ ప్రశ్న నాకు రాలేదు. ఈస్టరు నాటి నుంచి నేను దానియేలును ఎట్లా పట్టాలా అని ఆలోచించాను గాని, పెట్టెలో ఏదో రాళ్ళు పెట్టి తెచ్చారన్నట్టే ఉంది నా బుర్రలో. పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. రాళ్ళు కావు. మనిషి బరువు.

కొత్తపట్నం ఒడ్డున అలివి వల లాగుతున్నారు. సముద్రంలోకి వేసిన పెద్ద వలను రెండు తాళ్ళతో ఒడ్డు మీద నుంచి లాగుతారు. ఒక్కో తాడుకు పాతిక మంది వరసగా, ఒకే ఊపులో వెనక్కి అడుగేస్తారు. మధ్యలో ఎవరూ వదలకూడదు. ఎండలో అందరూ ఒకేలా ఉన్నారు, నల్లటి ఒళ్ళు, నెత్తిన తువాలు. నేను సంచిలోంచి వాడి ఫోటో బయటికి తీస్తున్నాను. జెస్సీ నా చేతిలో ఫోటో వంక చూడకుండా వరస వెంట నడిచింది. పదిమందిని దాటింది, పన్నెండో పదమూడో మనిషి ముందు ఆగింది.

వాడు తాడు లాగుతూనే చూశాడు. ఏడేళ్ళుగా చూడని పిల్ల.

"ఎవరమ్మా నువ్వు? జరుగు, తాడు తగులుద్ది."

మా వైపు పిల్లలు తండ్రిని నువ్వనే అంటారు. జెస్సీ అనలేదు.

"మీ సమాధికి ఏటా సున్నం కొట్టేదాన్ని."

వాడి చేతులు తాడును వదల్లేదు. ముందూ వెనకా మనుషులు అడుగేస్తుంటే వాళ్ళతోబాటు వెనక్కి అడుగేశాడు. పిల్ల వాడికి ఎదురుగా ఒక్కో అడుగే ముందుకు వేసింది. అట్లా వల ఒడ్డుకు చేరేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే ఉన్నారు. నేను ఫోను చేశాను. నా పంతొమ్మిది మందిని పట్టించినప్పుడు ప్రతిసారీ రెండు తిట్లు తిట్టి, ఒకటి తగిలించేదాన్ని. ఇరవయ్యోవాడి దగ్గరకు పోతుంటే నా కాళ్ళు ఇసకలో దిగబడ్డాయి.

వల ఎత్తాక వాడు ఇసకలో కూలబడ్డాడు. పారిపోలేదు. జెస్సీ అడగాల్సింది అడిగింది. ఎందుకు పోయావని కాదు, డబ్బెందుకు పంపలేదని కాదు. అందులో ఎవరున్నారని.

"బాలు అనేవాళ్ళం" అన్నాడు దానియేలు. మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఇద్దరూ ఒకే బట్టీలో పనిచేశారు. చలికాలం, వెచ్చగా ఉంటుందని బాలు బట్టీ పైన పడుకున్నాడు, పొగకు పోయాడు. తెల్లవారుజామున చీకట్లో మొదట చూసింది తనే. వాళ్ళిద్దరి చొక్కాలు ఒకే మేకుకు ఉన్నాయి. అప్పటికి వారెంట్లతో విసిగి ఉన్నాడు. తన ఆధార్ కార్డు తీసి చచ్చినవాడి జేబులో పెట్టి, తెల్లారకముందే రోడ్డెక్కాడు. తల్లికి ఫోను చేసి చెప్పాడు, నన్ను చూడ్డానికి రా, చూసి నేనే అని చెప్పు అని. బట్టీ యజమానికి కావలసింది కూడా అదే, ఏమీ అడగకుండా శవాన్ని తీసుకుపోయే ఇల్లు.

"ఆయనది ఏ ఊరు?" అన్నాను.

"శ్రీకాకుళం పక్కన ఎక్కడో. కూతురుంది. అదే వయసు." జెస్సీ వైపు చెయ్యి చూపించబోయి మానుకున్నాడు. "వారం వారం డబ్బు పంపేవాడు. టీ కూడా తాగేవాడు కాదు. పిచ్చోడిలా పంపేవాడు."

జెస్సీ లేచి నీళ్ళ దగ్గరకు పోయి నిలబడింది. పోలీసులు వచ్చేదాకా అటే చూస్తూ ఉంది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. కేసు తెరిచారు. పడవ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని దానియేలు పాత బాకీలో కొంత కట్టాడు, నెల నెలా జాస్మిన్ ఖాతాలో పడేట్టు కోర్టు రాసింది. చచ్చిన నాటకం మీద వేరే కేసు పెట్టారు. అందులో రెండో ముద్దాయి రాహేలమ్మ. స్టేషనులో కాగితం ముందు పెడితే కొడుకు బతికే ఉన్నాడన్న వాంగ్మూలం మీద ఆమె వెంటనే వేలు పెట్టింది. జాస్మిన్ ఇంక కాయ ముట్టుకోవడం లేదు. జెస్సీకి పదో తరగతి పుస్తకాలు వచ్చాయి. బడి తెరిస్తే పోతుంది. తండ్రి ఒకసారి వాయిదాకు వచ్చి పిల్లను చూస్తానంటే, జాస్మిన్ కూతురితో నీ ఇష్టమే అంది. జెస్సీ, "ఆయన డబ్బు కట్టాలి అంతే. చూడాల్సిన పని లేదు" అంది. నాలాగే మాట్లాడుతోందని పల్లెలో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అబ్బ పోయాడు, ఎక్కడికో. మా అమ్మ చచ్చేదాకా ఆయన్ని తిట్టింది. నేనూ తిట్టాను. పారిపోయాడనే అనుకున్నాం. వేరేది ఏదైనా అయి ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు.

సమాధి తవ్వారు. ఎముక తీసి పరీక్షకు పంపారు. పోల్చడానికి రక్తసంబంధం ఉన్న మనిషి కావాలని జవాబు వచ్చింది. మనిషిని మళ్ళీ అక్కడే పెట్టారు. రాయి మీద పేరు చెక్కి తీసేశారు, కొత్తది ఏం రాయాలో ఎవరికీ తెలియలేదు. పాస్టరుగారు ప్రార్థన చేయబోయి, పేరు దగ్గర ఆగారు.

మే నెల చివర్లో, యార్డుకు ఎండాకాలం సెలవులు నడుస్తుండగా, నేను ఆ బట్టీకి పోయాను. యజమాని మొహం చూపించలేదు. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ ఉన్నాడు. బాలు పేరెత్తితే ముందు తెలియదన్నాడు. నేను నేల మీద కూర్చున్నాను. నన్ను లేపడం కష్టమని ఎవరికైనా తొందరగానే అర్థమవుతుంది. గంట తర్వాత ఆయనే వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

ఫోన్లు వచ్చేవట. బాలు గేటు దగ్గర ఈయన ఫోనులోంచే ఇంటికి మాట్లాడేవాడు, అందుకని ఆ నంబరుకే చేసేవాళ్ళు. ఆడమనిషి, శ్రీకాకుళం యాస. బాలు ఉన్నాడా అని. ఏం చెప్పమంటారని ఈయన యజమానిని అడిగితే, లెక్క ప్రకారం ఇక్కడ చచ్చింది దానియేలు గదా, బాలు పారిపోయాడని చెప్పమన్నాడు. చెప్పాడు. ఆమె నమ్మలేదు. వారానికోసారి చేసేది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. పిల్ల ఫీజు కట్టాలి, దాక్కుంటే దొరకడనుకున్నాడా, కోర్టుకు పోతానని చెప్పండి అనేది. ఏడు నెలలు చేసిందట.

"ఆఖరిసారి ఆమె కాదమ్మా, కూతురు చేసింది" అన్నాడు వాచ్‌మన్. "డబ్బులేం పంపక్కర్లేదని చెప్పండి తాతా, అమ్మ కూడా తిట్టదు, ఇంటికి రమ్మనండి అంది. సరే చెప్తాలే అన్నాను."

"నంబరు ఇవ్వు."

ఆ ఫోను పోయిన వానాకాలం నీళ్ళలో పడిందట. సిమ్ము మారిందట. ఆయన అది చెబుతున్నంతసేపూ తన బొటనవేలు గోరు చూసుకుంటూ ఉన్నాడు. నేను ఆయన్ని తిట్టలేదు. ఎక్కడో ఒక కోర్టులో బాలు పేరుమీద వారెంటు ఉండి ఉంటుంది. దాని వెనక 'ఆచూకీ తెలియలేదు' అని రాసి ఉంటుంది. ఆ ఊళ్ళో నాలాంటిది ఒకతె ఆయన ఫోటో సంచిలో పెట్టుకుని, నోటికొచ్చింది తిట్టుకుంటూ ఏ బస్టాండులోనో కూర్చుని ఉంటుంది.

బస్సు దిగి నేరుగా స్టేషనుకు పోయాను. రామాంజనేయులు ఫ్యాను కింద అన్నం తింటున్నాడు. మనుషులు తప్పిపోయినప్పుడు రాసే ఫారం ఇమ్మన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి, ఫారం తీసి, కలం విదిలించి, ఎవరు తప్పిపోయారక్కా అన్నాడు.

"మనిషి దొరికాడు" అన్నాను. "ఇల్లే కనపడటం లేదు. రాసుకో."